నికోటిన్: మెదడులో, ఒంట్లో, మనసులో

నికోటిన్ పొగాకు మొక్కలో సహజంగా తయారయ్యే ఆల్కలాయిడ్. దాని అణువులో 10 కార్బన్, 14 హైడ్రోజన్, 2 నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. మొక్క దీన్ని వేళ్లలో తయారుచేసుకుని ఆకులకు పంపుతుంది. ఆకు తినే పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి అది పెట్టుకున్న విషం ఇది. ప్రకాశం జిల్లా రైతు మొగ్గ రాగానే పొగాకు తల తుంచేది ఆకు బాగా సాగి బరువెక్కాలని. ఆ తుంచుడుతోనే ఆకులో నికోటిన్ శాతం కూడా పెరుగుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవారు అగ్నిఅస్త్రం అనే కషాయంలో పొగాకు కలిపేది ఈ విషం కోసమే. పత్తి, మిరప పైర్ల మీద రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా నికోటిన్ తరహా మందే. పురుగు నాడీమండలంలో నికోటిన్ ఎక్కడ పట్టుకుంటుందో ఇదీ అక్కడే పట్టుకుంటుంది.

పురుగును చంపే పదార్థాన్ని మనిషి డబ్బు పెట్టి కొని, రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు ఎందుకు పీలుస్తాడు? మోతాదు, అది మెదడుకు చేరే వేగం, మెదడు దానికి అలవాటుపడే తీరు, ఈ మూడూ కలిస్తేనే జవాబు దొరుకుతుంది.

1560లో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాన్ నికో పొగాకును ఔషధంగా భావించి తన రాజాస్థానానికి పంపాడు. మొక్క ప్రజాతికీ, అందులోని రసాయనానికీ ఆయన పేరే నిలిచింది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ అనే ఇద్దరు పొగాకు నుంచి నికోటిన్‌ను శుద్ధంగా వేరుచేశారు. శరీరధర్మశాస్త్రం ఈ పదార్థానికి పెద్ద రుణమే పడింది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ 1905లో కండరాల మీద నికోటిన్, క్యురారే అనే విషాల ప్రభావాలను పోల్చి చూశాడు. మందును అందుకునే ప్రత్యేక పదార్థం కణంలో ఏదో ఉండితీరాలని తేల్చాడు. నేటి ఔషధశాస్త్రమంతా ఆధారపడే గ్రాహకం అనే భావనకు పునాదుల్లో అదొకటి.

పొగ నుంచి మెదడుకు

ఒక సిగరెట్‌లో సాధారణంగా 10 నుంచి 14 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. అందులో తాగేవాడి రక్తంలోకి చేరేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములే. మిగతాది కాలిపోతుంది, లేదా గాలిలో కలిసిపోతుంది. పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లోని గాలి గదులను తాకగానే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి గుండె ఎడమ భాగానికి, తర్వాత నేరుగా మెదడుకు. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో ఈ ప్రయాణం పూర్తవుతుంది. రక్తనాళంలోకి ఎక్కించే ఇంజక్షన్ కూడా మెదడుకు ఇంతకంటే త్వరగా మందు చేర్చలేదు.

నికోటిన్ వ్యసనంగా మారడానికి మొదటి కారణం ఈ వేగమే. చేసిన పనికీ, కలిగిన సుఖానికీ మధ్య వ్యవధి ఎంత తక్కువైతే మెదడు ఆ రెండింటినీ అంత గట్టిగా ముడివేసుకుంటుంది. ఒక సిగరెట్‌కు సుమారు పది దమ్ములు అనుకుంటే, రోజుకు ఒక పెట్టె, అంటే 20 సిగరెట్లు కాల్చే మనిషి రోజుకు 200 సార్లు, ఏడాదికి 73 వేల సార్లు ఈ పాఠం వల్లె వేస్తున్నాడు. ఏ మత్తుమందు వాడకంలోనూ ఇన్ని పునశ్చరణలు ఉండవు.

పొగాకును ఆరబెట్టే పద్ధతిని బట్టి కూడా నికోటిన్ ఒంట్లోకి వెళ్లే దారి మారుతుంది. తెలుగు నేల మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వర్జీనియా పొగాకును బ్యారన్లలో పొయ్యి వేడితో క్యూరింగ్ చేస్తారు. ఆకులోని చక్కెర చాలావరకు నిలిచిపోతుంది, ఆ పొగకు ఆమ్ల గుణం వస్తుంది. ఆమ్లగుణమున్న పొగలోని నికోటిన్‌ను నోటి లోపలి చర్మం పెద్దగా పీల్చుకోదు. అందుకే సిగరెట్ పొగను గుండెల్లోకి లాగాలి. చుట్టలకు వాడే నాటు పొగాకును, గోదావరి లంకల్లో పండే లంక పొగాకును ఎండలో, గాలిలో ఆరబెడతారు. ఆ పొగకు క్షార గుణం ఎక్కువ. నికోటిన్ బుగ్గల లోపలి నుంచే రక్తంలోకి దిగుతుంది, పొగ మింగకపోయినా చుట్ట తాగినవాడికి తృప్తి కలుగుతుంది. ఘాటుగా ఉండే చుట్ట పొగను గుండెల్లోకి పీల్చడమూ కష్టమే. సిగరెట్ పొగ మెత్తగా దిగుతుంది కాబట్టే అది ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలిగింది.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా ఆడవాళ్లలో ఉండేది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఈ అలవాటు ఉన్నవారి అంగిట్లో వచ్చే మార్పులను ప్రపంచ వైద్యులకు వివరంగా చూపింది. అంగిటి క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు. అడ్డపొగ తాగేవారిలో అది అరుదు కాదు.

బీడీలో పొగాకు తక్కువే అయినా దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తునికాకులోంచి గాలి సరిగ్గా ఆడదు, బీడీ ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే గట్టిగా, ఎక్కువసార్లు దమ్ము లాగాలి. దాంతో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు సమానంగా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా ఒంట్లోకి పోతాయి. ‘లైట్’ పేరుతో అమ్మిన సిగరెట్లదీ ఇదే కథ. యంత్రం తాగితే నికోటిన్ తక్కువే వస్తుంది. మనిషి మాత్రం లోతుగా లాగి, ఫిల్టర్ చుట్టూ ఉన్న సన్న రంధ్రాలను వేళ్లతో, పెదవులతో తెలియకుండానే మూసి, తన మెదడు అడిగినంతా రాబట్టుకుంటాడు.

మెదడులో జరిగేది

మెదడులో ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ఒక నాడీకణం నుంచి మరో దానికి సందేశాలు మోస్తుంది. దాన్ని అందుకునే గ్రాహకాల్లో ఒక తెగ నికోటిన్‌ను కూడా అంతే చక్కగా అందుకుంటుంది. వాటిని నికోటినిక్ గ్రాహకాలు అంటారు. నికోటిన్ వచ్చి కూర్చోగానే గ్రాహకం మధ్యలోని మార్గం తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి, కణం ఉత్తేజితమవుతుంది. ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము దాని పని కాగానే దాన్ని తీసేస్తుంది. నికోటిన్‌ను అక్కడ విరగ్గొట్టేవారెవరూ లేరు. అది నిమిషాల తరబడి తిష్ఠ వేస్తుంది.

మధ్యమెదడులో ఉండే వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతం నుంచి న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగానికి వెళ్లే నాడీతంతువులు డోపమైన్‌ను విడుదల చేస్తాయి. ఆకలేసినప్పటి అన్నం, దాహం వేసినప్పటి నీళ్లు ఈ దారినే కదిలిస్తాయి. ఇది మేలు చేసింది, గుర్తుపెట్టుకుని మళ్లీ చెయ్యి అని మెదడుకు చెప్పే వ్యవస్థ ఇది. నికోటిన్ ప్రధానంగా ఆల్ఫా4బీటా2 అనే రకం గ్రాహకాల ద్వారా దీన్ని మేల్కొల్పుతుంది. బీటా2 భాగం లేకుండా పుట్టించిన ఎలుకలు నికోటిన్‌ను తమంతట తాము తీసుకోవడం మానేశాయని 1998లో వచ్చిన ప్రయోగాలు చూపాయి.

పొగలో నికోటిన్ ఒక్కటే లేదు. పొగతాగేవారి మెదడులో డోపమైన్‌ను విరగ్గొట్టే మోనోఅమైన్ ఆక్సిడేజ్ బి అనే ఎంజైము సుమారు 40 శాతం తక్కువగా ఉన్నట్టు 1996లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాల స్కాన్లలో తేలింది. ఆ ఎంజైమును అణిచేది నికోటిన్ కాదు, పొగలోని ఇతర రసాయనాలు. నికోటిన్ డోపమైన్‌ను వదిలిస్తే, ఇవి దాన్ని ఎక్కువసేపు నిలుపుతాయి. పొగ మానడానికి వాడే నికోటిన్ బిళ్లకూ, పట్టీకీ బానిసైనవారు అరుదుగా, సిగరెట్‌కు బానిసైనవారు కోట్లలో ఉండటానికి వేగంతో పాటు ఈ పొత్తు కూడా కారణం.

పదేపదే తాకిడి తగిలిన గ్రాహకాలు కొంతసేపటికి మొద్దుబారిపోతాయి. మెదడు వాటి సంఖ్యను పెంచుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది. 2006లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చేసిన స్కాన్లలో, ఒకటి రెండు దమ్ములకే ఆల్ఫా4బీటా2 గ్రాహకాల్లో సగం నిండిపోవడం, పూర్తి సిగరెట్‌తో 88 శాతం నిండటం కనిపించింది. రోజంతా కాల్చే మనిషి మెదడులో ఈ గ్రాహకాలు పగలంతా దాదాపు నిండే ఉంటాయి. రాత్రి నిద్రలో ఖాళీ అవుతాయి. రక్తంలో నికోటిన్ స్థాయి సగానికి పడిపోవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది కాబట్టి, ఎనిమిది గంటల నిద్ర తర్వాత మిగిలేది స్వల్పం. పొద్దుటి మొదటి సిగరెట్ అంత బాగుండటానికి కారణం ఇదే. స్వీడన్ మనస్తత్వవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ పేరుతో వాడే ఆరు ప్రశ్నల పరీక్షలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న కూడా ఇదే: నిద్రలేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తారు? ఐదు నిమిషాల్లోపు అన్నవారిలో ఆధారపడటం తీవ్రంగా ఉన్నట్టు.

మెదడు మడతల్లో లోపలికి దాగి ఉండే ఇన్సులా కూడా ఇందులో భాగస్వామి. పక్షవాతం వల్ల ఇన్సులా దెబ్బతిన్న కొందరు పొగతాగేవాళ్లు, తమకు ఆ కోరికే లేకుండా పోయిందని చెప్పడం 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోరిక అనేది మనోబలానికి సంబంధించిన విషయం మాత్రమేనని వాదించేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మనసు మీద ప్రభావం

పొగతాగేవారిని ఎందుకు తాగుతున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పేది, టెన్షన్ తగ్గుతుందని. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గుతుంది. ఆ టెన్షన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం.

సిగరెట్ ఆర్పిన గంటలోపే రక్తంలో నికోటిన్ తగ్గడం మొదలవుతుంది. గ్రాహకాలు ఖాళీ అవుతున్న కొద్దీ చిరాకు, అసహనం, పని మీద మనసు నిలవకపోవడం తలెత్తుతాయి. మనిషి వాటికి ఆఫీసులో పైఅధికారిని, ఇంట్లో పిల్లల గొడవను, రోడ్డు మీద ట్రాఫిక్‌ను కారణంగా చూస్తాడు. బయటికెళ్లి ఒకటి ముట్టిస్తాడు. పది నిమిషాల్లో మనసు కుదుటపడుతుంది. పొగ అలవాటు లేనివాడు ఏ సిగరెట్టూ లేకుండా ఎప్పుడూ ఉండే స్థితికి అతడు వచ్చాడంతే. పాత అప్పుకు వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేస్తూ, అప్పిచ్చినవాడే ఆదుకుంటున్నాడని నమ్మడం లాంటిది ఈ ఊరట. బ్రిటిష్ మనస్తత్వవేత్త ఆండీ పారట్ 1999లో ఈ వాదాన్ని పకడ్బందీగా ముందుంచారు. పొగతాగేవారిలో రోజువారీ ఒత్తిడి తాగనివారికంటే ఎక్కువగా ఉంటుందనీ, మానేశాక అది తగ్గుతుందనీ ఆయన చూపారు.

2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష 26 అధ్యయనాలను కలిపి చూసింది. మానేసి కనీసం ఆరువారాలైన వారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి మూడూ తగ్గాయి. ఆ మేలు, కుంగుబాటుకు ఇచ్చే మందులతో కలిగే మేలుకు తక్కువేమీ కాదని పరిశోధకులు లెక్కగట్టారు. మానసిక జబ్బులున్నవారిలోనూ ఫలితం అదే. మనసు బాగాలేనివాళ్ల నుంచి సిగరెట్ లాక్కుంటే పాపమని భావించే కుటుంబాలు, వైద్యులు కూడా, ఈ సంగతి తెలుసుకోవడం చాలా అవసరం.

నికోటిన్‌కు నిజమైన ఉత్తేజక గుణం లేదని మాత్రం చెప్పలేం. పొగ అలవాటు లేనివారికి ఇచ్చినా ఏకాగ్రత, చేతివేళ్ల చురుకుదనం కొద్దిగా పెరగడం ప్రయోగాల్లో కనిపించింది. ఆకలిని కూడా ఇది తగ్గిస్తుంది, హైపోథాలమస్‌లో కడుపునిండిన భావన కలిగించే కణాలను కదిలించి. రోజంతా బరువులు మోసే మనిషి ఒక పూట తిండికి బదులు బీడీ కాల్చడం వెనక ఈ శరీరధర్మం ఉంది.

అలవాటు బలపడ్డాక నికోటిన్ తన చుట్టూ ఉన్న వాటినన్నిటినీ తనలో కలుపుకుంటుంది. చాయ్ కప్పు, భోజనం ముగియడం, ఫోన్ మోగడం, బస్సు కోసం నిలబడటం, పాత స్నేహితుడి ముఖం, ఏదైనా సరే కోరికను లేపగలదు. రక్తంలో నికోటిన్ పూర్తిగా పోయిన నెలల తర్వాత కూడా టీ కొట్టు ముందు చెయ్యి జేబులోకి పోవడం ఇందువల్లే.

కౌమారంలో ఈ ముద్ర మరీ లోతుగా పడుతుంది. ఆలోచించి ఆగడం నేర్పే ముందుమెదడు ఇరవైలు నడిచేదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో నికోటిన్ తగిలితే ఆధారపడటం త్వరగా వస్తుంది, వదిలించుకోవడం కష్టమవుతుంది.

శరీరం మీద ప్రభావం

ఇక్కడ నికోటిన్ చేసేది, పొగ చేసేది వేరువేరుగా చూడాలి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి. వాటిలో సుమారు 70 క్యాన్సర్ కారకాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి వంటివి ప్రధానంగా తారు, ఇతర పొగ రసాయనాల పాపం. లండన్ మనోవైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే ఈ తేడాను ఎత్తిచూపారు. మనిషిని పొగ దగ్గర కట్టిపడేసేది నికోటిన్, ప్రాణం తీసేది ఎక్కువగా మిగతా పొగ.

అలాగని నికోటిన్ నిర్దోషి కాదు. అది అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను వదిలిస్తుంది. గుండె నిమిషానికి పదిపదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, చర్మానికీ గుండెకూ రక్తమిచ్చే నాళాలు బిగుసుకుంటాయి. ప్రశాంతంగా ఉందని మనిషి అంటున్న ఆ క్షణంలోనే అతడి గుండె పరిగెడుతోంది. అదే సమయంలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఎక్కువ పని చేయాల్సిన గుండెకు తక్కువ ఆక్సిజన్ అందుతుంది. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయి వేళ్లు కుళ్లే బర్జర్స్ వ్యాధి దాదాపుగా పొగాకు వాడేవారికే వస్తుంది. వాళ్లు మానితే కాలు దక్కుతుంది, మానకపోతే కోత మీద కోత. ఆపరేషన్ల తర్వాత గాయాలు ఆలస్యంగా మానడం, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నడం కూడా ఈ జాబితాలోవే. పేగుల కదలికను నికోటిన్ పెంచుతుంది కాబట్టి పొద్దున్నే బీడీ ముట్టిస్తేగాని కడుపు కదలదనే మాట నిజమే. గర్భిణి పీల్చిన నికోటిన్ మావిని దాటి బిడ్డకు చేరుతుంది.

పొగ లేకుండా నికోటిన్ ఒక్కటే ఏం చేస్తుందో చూడాలంటే పొగాకు చేలోకి వెళ్లాలి. తెల్లవారుజామున మంచుకు తడిసిన పచ్చాకు కొట్టి చంకలో పెట్టుకుని మోసే కూలీల చర్మంలోంచి నికోటిన్ రక్తంలోకి దిగుతుంది. కొన్ని గంటల్లో తలనొప్పి, తలతిరుగుడు, వికారం, వాంతులు, నీరసం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కనుక ఎండదెబ్బ అనుకుని వదిలేస్తారు. పొగ అలవాటు లేని కూలీలే దీనికి ఎక్కువగా లొంగుతారు, తాగేవారి ఒళ్లు దానికి ముందే అలవాటుపడి ఉంటుంది కాబట్టి. చేతులకు తొడుగులు, ఒంటికి తడి అంటని బట్ట ఉంటే దీన్ని చాలావరకు ఆపవచ్చు. పొగాకు నాణ్యత మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఆకు కోసే చేతుల మీద పెట్టాలి.

వ్యసనంగా గుర్తింపు

1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పొగతాగడం క్యాన్సర్‌కు కారణమని చెప్పింది గాని, దాన్ని వ్యసనం అనలేదు, అలవాటు అని ఊరుకుంది. వ్యసనం అన్న మాట రావడానికి 1988 దాకా పట్టింది. ఆ ఏడాది సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ నివేదిక, హెరాయిన్, కొకైన్ వ్యసనాల వెనకున్న ప్రక్రియల వంటివే పొగాకు వ్యసనం వెనకా ఉన్నాయని ప్రకటించింది. ఆ తర్వాత కూడా, 1994 ఏప్రిల్ 14న ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు వరసగా నిలబడి, నికోటిన్ వ్యసనకారి అని తాము నమ్మడం లేదని ప్రమాణం చేసి చెప్పారు. వాటిలో ఒక కంపెనీ న్యాయవాది 1963లోనే లోపలి పత్రంలో నికోటిన్ వ్యసనకారి అని రాసుకున్న సంగతి తర్వాత బయటపడింది. 

భారత్‌లో 2016-17 జాతీయ సర్వే ప్రకారం వయోజనుల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద, 2019లో ఈ-సిగరెట్ల మీద నిషేధాలు వచ్చాయి.

మానేసినప్పుడు

చివరి సిగరెట్ తర్వాత కొన్ని గంటల్లోనే చిరాకు, ఆందోళన, నిద్రపట్టకపోవడం, దిగులు, ఆకలి మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు ఉద్ధృతం. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. పెరిగిన గ్రాహకాల సంఖ్య మామూలు స్థాయికి రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టినట్టు స్కాన్లు చెబుతున్నాయి. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరుగుతుంది. బ్రిటిష్ వైద్యులను 50 ఏళ్లపాటు గమనించి రిచర్డ్ డాల్, సహచరులు 2004లో వెల్లడించిన లెక్క ప్రకారం, పొగతాగేవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారు. 60 ఏళ్లకు మానితే మూడేళ్లు, 50కి మానితే ఆరు, 40కి మానితే తొమ్మిదేళ్లు తిరిగి దక్కుతాయి. 30కి మానితే దాదాపు మొత్తం దక్కుతుంది.

నికోటిన్ బిళ్ల, పట్టీ ఈ కష్టకాలంలో మెదడుకు నెమ్మదిగా, తక్కువ మోతాదులో నికోటిన్ ఇస్తాయి, పొగ ఇవ్వవు. నమిలే బిళ్ల పనిచేయలేదనేవారిలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవారే. ఘాటు తగిలేదాకా కొద్దిసేపు నమిలి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గితే మళ్లీ కాసేపు నమలాలి. చుట్ట పొగలాగే ఇక్కడా నికోటిన్ బుగ్గలోంచే దిగాలి, దానికి క్షార గుణం కావాలి. బిళ్లకు పావుగంట ముందు కాఫీ, కూల్‌డ్రింక్ తాగితే నోరు ఆమ్లమై మందు కడుపులోకి పోతుంది, కోరిక అలాగే ఉంటుంది, పైగా ఎక్కిళ్లు. వరెనిక్లిన్ అనే మాత్ర ఆల్ఫా4బీటా2 గ్రాహకాల మీదే కూర్చుని సగం పని చేస్తుంది, నికోటిన్‌కు చోటివ్వదు. బ్యుప్రొపియాన్ మరో మార్గం. ఈ రెండు మాత్రలూ మనసును దెబ్బతీస్తాయన్న భయాన్ని 8,000 మందికి పైగా పాల్గొన్న 2016 నాటి పెద్ద పరిశోధన చాలావరకు తొలగించింది. వాటిని వైద్యుడి సలహాతోనే వాడాలి. సిగరెట్ పెట్టెల మీద అచ్చయ్యే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఒక చిన్న విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. పొగలోని తారు రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును పెంచుతాయి. మానేశాక ఆ ఎంజైము తగ్గి, అదే రెండు కప్పుల కాఫీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. దాని వల్ల వచ్చే గుండెదడ, నిద్రలేమిని సిగరెట్ లేకపోవడం వల్ల వచ్చినవిగా పొరబడి మళ్లీ ముట్టించేవారున్నారు. మానిన మొదటి వారాల్లో కాఫీ, టీ సగానికి తగ్గించుకోవడం మంచిది. స్కిజోఫ్రీనియాకు క్లోజపిన్ వాడుతున్నవారిలో రక్తంలో ఆ మందు స్థాయి కూడా ఇలాగే పెరుగుతుంది కాబట్టి, మానే ముందే వైద్యుడికి చెప్పి మోతాదు సవరించుకోవాలి.